మంచు లేని సీమకు మంచుశాస్త్ర మేల?

గడచిన వారము మదనపల్లె కోర్టు ఆవరణములో, రెండు వాయిదాల నడుమ దొరకిన అరగంట తీరికలో, మా ప్లీడరు మిత్రులలో ఒకరు పెద్దగా నవ్విరి. ఉత్తర దేశముల విశ్వవిద్యాలయములలో, కాళ్ళకు పొడవైన పలకలు కట్టుకొని మంచుమీద జారిపోవువాడు చేతికఱ్ఱను ఏ కోణమున నాటవలయును, నిమిషమునకు ఎంత ప్రాణవాయువును వినియోగించుకొనును అను విషయములపై పండితులు పట్టములు పుచ్చుకొనుచున్నారని వారెక్కడనో చదివిరట. “మనకు బావులలో నీళ్ళు లేవు, వారికి మంచుమీద జారుటకు డాక్టరేటులా!” అని వారి పరిహాసము. చుట్టునున్నవారందరును నవ్విరి. నేనును నవ్వితిని. ఇల్లు చేరిన పిమ్మట ఆ నవ్వునకు నాకే సిగ్గు కలిగినది. దావా కాగితము చదువకయే జవాబు దాఖలు చేసిన ప్రతివాదికిని మాకును భేద మేమున్నది?

కావున ఆ దావాను ఒకమారు చదువుదము.

స్కీ యనునది మనవారు తలచునట్లు శ్రీమంతుల వినోదము మాత్రమే కాదు. ఉత్తర దేశములలో అది శీతకాలమున ఇంటినుండి అడవికిని, పల్లెనుండి పల్లెకును పోవు సాధనము. 1888లో నాన్సెన్ గ్రీన్లాండు మంచుభూమిని అడ్డముగా దాటినది ఈ పలకలమీదనే. 1924లో షామొనీలో మొదటి శీతకాలపు ఒలింపిక్సు జరిగినది మొదలు ఇది దేశములు తమ సత్తువను చాటుకొను రంగమైనది. నార్వే జనసంఖ్య సుమారు 55 లక్షలు. 2022లో పెకింగు నగరమున జరిగిన శీతకాలపు ఒలింపిక్సులో ఆ చిన్న దేశము 16 స్వర్ణములతో 37 పతకములు గెలుచుకొన్నది. 140 కోట్ల భారతదేశము పంపినది ఒక్కని. కాశ్మీరమునకు చెందిన ఆరిఫ్ ఖాన్ అను ఆ యువకుడు ఒక పందెములో 45వ స్థానమున నిలిచి, రెండవదానిలో గమ్యము చేరలేకపోయెను. ఒంటరిగా పోయి నిలిచిన ఆ యువకుని తప్పు పట్టుటకు నాకు నోరు రాదు.

“వారికి మంచున్నది, మనకు లేదు” అని మా మిత్రుని సమాధానము. మంచునకు ఇల్లని పేరు పెట్టిన పర్వతమే మనదైయుండగా ఈ మాట ఎట్లు చెల్లును? గుల్మార్గు 2,650 మీటర్ల ఎత్తున నున్నది. మంచు కొఱత కాదు మనది, కొలత కొఱత.

వారు కొలిచిన దేమి? మనుష్యుడు తన సర్వశక్తిని వినియోగించి శ్రమించునపుడు నిమిషమునకు ఎంత ప్రాణవాయువును ఒడలికి పట్టించుకొనగలడు అనునదే వారి మొదటి ప్రశ్న. 1920 దశకమున ఇంగ్లండులో ఏ.వి. హిల్లు పండితుడు పరుగెత్తువాని శ్వాసను సంచులలో పట్టి ఈ లెక్కకు పునాది వేసెను. 1952లో స్టాక్‌హోములో ఓస్ట్రాండు అను స్వీడను శాస్త్రజ్ఞుడు బాలబాలికలను, యువతీయువకులను వరుసగా కొలిచి, ఏ వయస్సున ఎవరి శ్రమశక్తి యెంత యని గ్రంథమునే ప్రకటించెను. తరువాతివారు స్కీ వీరులను ప్రయోగశాలకు పిలిచిరి. ఏలయన ఈ క్రీడలో కాళ్ళు, చేతులు, నడుము, వీపు అన్నియు ఏకకాలమున పనిచేయును. ఇన్ని కండరములకు ఒక్కసారి నెత్తురు అందింపవలసిన గుండెకు ఇంతకన్న కఠినపరీక్ష లేదు. సాధన లేని సామాన్య యువకుడు శరీరపు ప్రతి కిలోగ్రామునకు నిమిషమునకు సుమారు 40, 45 మిల్లీలీటర్ల ప్రాణవాయువును పట్టించుకొనును. అగ్రశ్రేణి స్కీ వీరులు 80 మిల్లీలీటర్లను దాటుదురు. మంచు కరగిన వేసవిలో వారు చక్రములు తగిలించిన పలకలతో తారురోడ్లమీదను, ప్రయోగశాలలో కదలు పట్టాలమీదను సాధన చేయుదురు. అనగా ఈ శాస్త్రములో సగము మంచుతో పనిలేనిదే.

శాస్త్రము ఆటగానిని నడపును, ఆటగాడు శాస్త్రమును నడపును. 1982లో బిల్ కోక్ అను అమెరికను, పలకను నేరుగా ముందునకు జరుపుటకు మారుగా ప్రక్కకు త్రోయుచు పోయి ఆ యేటి ప్రపంచ కప్పు గెలిచెను. పెద్దలు మొదట చిరాకుపడిరి. అతని విధానము నిలిచి, కొన్ని యేండ్లలోనే పందెములు రెండు పద్ధతులుగా చీలిపోయెను. కొలుచువారు చలనచిత్రములు తీసి, ఆ త్రోపులో ఏ బలము ఎటు పోవుచున్నదో లెక్కకట్టిరి.

మన సీమకు దగ్గరగా వచ్చు కథ వేఱొకటి యున్నది. ఫిన్లండు దేశపు ఈరో మ్యాంటిరాంట 1964లో ఇన్స్‌బ్రుక్కున రెండు స్వర్ణములు గెలిచెను. అతని నెత్తురులో ఎఱ్ఱకణములు అందరికన్న మిక్కుటము. మోసమని శంకించినవారు లేకపోలేదు. 1993లో శాస్త్రజ్ఞులు అతని బంధుకోటిని పరీక్షించి, ఆ వంశమున సంక్రమించు ఒక జన్యుభేదము వలన దేహము ఎఱ్ఱకణములను అధికముగా పుట్టించుచున్నదని తేల్చిరి. ఒక్క ఆటగాని గెలుపునకు కారణము వెదుకబోయి, నెత్తురు పుట్టుక రహస్యమునే పట్టిరి. ఇట్టి ఓపిక పందెముల ఆటగానికి నెత్తురులోని హీమోగ్లోబినును మిక్కిలి ముఖ్యమని నేడు ఆ శాస్త్రము చెప్పుచున్నది. దేహమందలి మొత్తము హీమోగ్లోబిను ఒక గ్రాము పెరిగిన, నిమిషమునకు ఇంచుమించు 4 మిల్లీలీటర్ల ప్రాణవాయువు అదనముగా పట్టునని వారి లెక్క.

ఈ లెక్కను మన ఊళ్ళకు తెత్తును. హీమోగ్లోబిను ఒక గ్రాము సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయును. నూరు మిల్లీలీటర్ల నెత్తురులో 13 గ్రాములున్న పిల్లకు 17 మిల్లీలీటర్లకు పైగా అందును. 8 గ్రాములే యున్న పిల్లకు 11 కూడ అందదు. ఆ పిల్ల యే కొండయు ఎక్కకయే కొండకొమ్మున బ్రతుకుచున్నదన్నమాట. 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని తేలినది. ఇది మంచుదేశముల మాట కాదు. మన యిండ్లలోని మాట.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతపు బడులపిల్లల పందెములలో స్వచ్ఛందసేవకుడనై గడియారము పట్టుకొని నిలిచితిని. 800 మీటర్ల పరుగులో పదునాలుగేండ్ల బాలిక యొకతె మొదటి చుట్టంతయు అందరికన్న ముందుండెను. రెండవ చుట్టు సగములో పెదవులు పాలిపోయి, అడుగులు తడబడి, నేలకు ఒరిగెను. ప్రక్కనున్న పెద్దమనిషి యొకడు “సంగటి తిను పిల్లలకు ఇంతకన్న ఓపిక యెక్కడిది?” అని తీర్పు చెప్పి తరువాతి పందెమునకు ఈల వేయించెను. సాక్షి లేదు, విచారణ లేదు, శిక్ష మాత్రము పడినది. ఆ పిల్ల తల్లి టొమాటో మండీలో పెట్టెలు మోయునది. నెత్తురు పరీక్ష చేయింతమని నేననగా, “పరిగెత్తేదానికి రగతం గూడా సూడాల్నా సామీ?” అని ఆమె ఆశ్చర్యపడెను. చూచితిమి. 8 గ్రాములు. పుట్టినది మొదలు ఆ పిల్ల నెత్తురును ఎవరును కొలిచి యుండలేదు. ఎనిమిది గ్రాములతో ఆ మొదటి చుట్టు అట్లు పరుగెత్తిన పిల్ల పదమూడు గ్రాములతో ఎట్లు పరుగెత్తి యుండునో తెలిసికొను భాగ్యము ఎవరికిని కలుగలేదు. తండ్రి ఆ యేడే పరుగు మాన్పించెను.

ఆడుపిల్లకు పరుగేల యని ఆయన అన్నమాటను అనాగరికమని కొట్టివేయుటకు ముందు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. స్కీలతో ఎత్తునుండి దుముకు పందెమునకు ఒలింపిక్సులో స్త్రీలను అనుమతించినది 2014లో మాత్రమే. 2005లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడే అది వైద్యదృష్టిచే స్త్రీలకు తగదని పలికెను. దూరపు పందెములలో స్త్రీపురుషులకు ఒకే దూరము పెట్టుటకు 2022 వరకును వారికి చేతులు రాలేదు. కొలుచువారిలోను మూఢులుందురు. కాని కొలత యున్నచోట మూఢుని మాటను అంకెతో ఖండింపవచ్చును. కొలత లేనిచోట వాని మాటయే శాసనము.

ఆ శాస్త్రము పుణ్యాత్ముల సొత్తని నేననుట లేదు. 2001లో లాహ్తి నగరమున ఫిన్లండు స్కీ వీరులు ఆర్గురు నిషిద్ధద్రవ్యముతో పట్టుబడి దేశమునకే తలవంపులు తెచ్చిరి. 2019లో ఆస్ట్రియాలో పోలీసులు నెత్తురు ఎక్కించుకొనుచున్నవానిని సూదితోసహా పట్టుకొనిరి. నిండిన నెత్తురుపై మఱింత నెత్తురు దొంగచాటుగా ఎక్కించుకొనుటకు అక్కడివారు పాట్లుపడుచుండగా, ఇచ్చట లోటు నెత్తురుతో మన బిడ్డలు పందెములలో నిలుచుచున్నారు.

ఇక మన పక్షమువారి సంగతి. వీరు రెండు తెగలు. మొదటి తెగవారు “మన పూర్వులకు అన్నియు తెలియును, వ్యాయామశాల, సూర్యనమస్కారము, నేయి యుండగా ఈ గొట్టములును సంచులును ఏల?” అందురు. పూర్వులయందు నాకును భక్తి కలదు. కాని వారిని అడ్డము పెట్టుకొని సోమరితనమును కాపాడుకొనుట భక్తి కాదు. పుంగనూరు ఆవును చూడుడు. మూడడుగులు మించని ఆ గోజాతి నశించిపోవుచున్నదని తెలిసి, పలమనేరు పశుపరిశోధనా కేంద్రమున దాని ఎత్తును, బరువును, పాలను కొలిచి, లెక్క వ్రాసి, సంతతిని నిలుపుటకు పాటుపడిరి. చేయవలసిన పనియే. ఆవు ఎత్తు తెలిసిన పుంగనూరులో అయిదవ తరగతి పిల్ల ఊపిరి యెంతో ఎవరికైన తెలియునా?

రెండవ తెగవారు ఉత్సాహవంతులు. హార్స్‌లీ కొండమీద మంటపము కట్టి, ఆటగాండ్లను అచట నుంచిన, ఎత్తు ప్రభావముచే అందరును వీరులగుదురని వీరి వాదము. వీరికి చదువు కావలెను. ఎత్తున నివసించి తగ్గున సాధన చేయుట మేలని 1997లో అమెరికాలో లెవీను, స్ట్రే–గుండెర్సను అను పండితులు ప్రకటించిరి. వారు ఆటగాండ్లను నివసింపజేసిన ఎత్తు 2,500 మీటర్లు. సాధనకు దించిన తగ్గు 1,250 మీటర్లు. మన హార్స్‌లీ కొండ సుమారు 1,265 మీటర్లు! వారి తగ్గు మన ఎత్తు. ఆ కొండ ఎండకాలమున చల్లగా నుండును గాన పరుగు సాధనకు మంచిది, అంతవరకే. నెత్తురు పెంచు మహిమ దానికి ఆపాదించి ప్రజాధనము ఖర్చుచేయుట చదువని దావాకు వేయు మఱియొక జవాబు.

మంచు ఎఱుగని తెలుగుబిడ్డ మంచుమీద నిలువలేదా యనిన, నిలిచినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావతు పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని, పదునాలుగేండ్లు నిండకయే 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కినది. ఖమ్మము సీమ ఆనందకుమారు తోడుగా నుండెను. ఆ బాలిక ఆకసమునుండి ఊడిపడలేదు. భువనగిరి బండలమీద పరీక్షించి, డార్జిలింగునకు, లడఖునకు పంపి, మెట్టుమెట్టుగా సిద్ధము చేసిరి. ఏఱి, కొలిచి, నేర్పినచో ఏమగునో ఆంధ్రదేశము కన్నులార చూచినది. చూచి చప్పట్లు కొట్టి ఊరకున్నది.

మనలను మనము కొలుచుకొననిచో ఇతరులు కొలుతురు. కొలబద్దయు వారిదే యగును. కెన్యా పరుగువీరుల రహస్యమును 1990 దశకమున ఆ దేశమునకు పోయి కొలిచినది సాల్టిను అను స్కాండినేవియా పండితుడు. ఊపిరితిత్తుల బలము చూచు స్పైరోమీటరు యంత్రమునకు 2012లో ప్రపంచపు ప్రమాణపట్టికలు తయారుచేసినపుడు తెల్లవారికొక గడి, అమెరికా నల్లవారికొకటి, ఈశాన్య ఆసియావారికొకటి, ఆగ్నేయ ఆసియావారికొకటి పెట్టి, చివర ‘ఇతరులు’ అని యొకటి పెట్టిరి. నూరుకోట్లకు మించిన మనకు ప్రత్యేకమైన గడి లేదు. తెల్లవాని అంకెలో నూటికి పదిపాళ్ళు తగ్గించి మనవానికి అది సరిపోవునని చూచుకొనుట ఎన్నో వైద్యశాలలలో వాడుక. తగ్గినది జాతివలననా, తిండివలననా, పొయ్యిపొగవలననా అని అడిగిన నాథుడు లేడు. 2023లో అమెరికను థొరాసిక్ సొసైటీయే జాతి పేరిట ఈ తగ్గింపు మానుడని సలహా యిచ్చెను. తప్పు వారిదే, దిద్దుబాటును వారిదే, మనము ప్రేక్షకులము.

“మన పల్లెలలో ఇంటింటికి తిరిగి మనుష్యులను కొలుచుట సాధ్యమా?” అని మా మిత్రుని తుదివాదము. దీనికి సాక్ష్యము కొఱకు దూరము పోనక్కఱలేదు. మదనపల్లె ప్రక్కనే ఆరోగ్యవరమున్నది. క్షయరోగులకై అచట వెలసిన వైద్యశాలకు మొదటి అధికారి ఫ్రిమోడ్ట్ మోలరు అను డేనిషు వైద్యుడు. వారి దేశమున కొండ లేదు, స్కీకి పనికివచ్చు మిట్టయు లేదని యెగతాళి చేయుదురు. ఐనను కొలుచు అలవాటు ఉత్తరదేశముల నెల్ల ఒక్కటే. ఆ యింటిపేరు గలవారే మఱియొకరు, యోహానెస్ ఫ్రిమోడ్ట్ మోలరు, 1950 మొదలు 1955 వఱకు మదనపల్లెను, చుట్టుపట్ల గ్రామములను పరిశోధించి, జనులను ఎక్సురేలతో పరీక్షించి, క్షయ యెవరికి వచ్చుచున్నది, ఎట్లు వ్యాపించుచున్నది యని లెక్కతేల్చిరి. ఆ పరిశోధనను ప్రపంచ ఆరోగ్యసంస్థ తన పత్రికలో 1960లో ప్రచురించినది. ఊపిరితిత్తులను గూర్చిన గ్రంథములలో మన ఊరిపేరు అట్లు నిలిచినది. కరెంటు దీపము లేని పల్లెలలో ఆనాడు ఆ పని జరిగినది. వారు రోగమును కొలిచిరి. బలమును కొలుచుటకు అంతకన్న కష్టమేమి?

పెద్ద యంత్రములు అక్కఱలేదు. 1982లో కెనడా దేశపు లూక్ లెజే ఒక సులభమార్గము చూపెను. నేలమీద 20 మీటర్ల దూరమున రెండు గీతలు గీయుట. క్రమక్రమముగా వేగము హెచ్చించు ధ్వనికి అనుగుణముగా పిల్లలు ఇటునుండి అటు, అటునుండి ఇటు పరుగెత్తుట. ఎవరెప్పుడు ఆగిరో వ్రాయుట. ప్రాణవాయువు లెక్క దానినుండి అంచనా కట్టవచ్చును. టేపు, సుద్ద, గడియారము చాలును. ఇక నెత్తురు: బడులలో పెద్దపిల్లలకు వారమున కొకమారు ఇనుము కలిపిన నీలిమాత్ర యిచ్చు ఏర్పాటు ఉండనే యున్నది. ఖేలో ఇండియా పరీక్షలలో 600 మీటర్ల పరుగును చేర్చియే యున్నారు. నేను చూచిన బడులలో మాత్రల పుస్తకము ఒక బీరువాలో, పరుగుల పుస్తకము వేఱొక బీరువాలో నుండును. ఈ రెండును జన్మలో కలిసికొనవు. మాత్ర మ్రింగిన పిల్ల మునుపటికన్న ఎక్కువ పరుగెత్తినదా యని అడుగువాడు లేనందున, మ్రింగినదో పారవేసినదో కూడ తెలియదు. స్వీడనులో స్కీవీరుని నెత్తురును పరుగును ఒకే కాగితముమీద వ్రాయుదురు. వారి గొప్పతనములో సగము ఆ కాగితమే.

తిండి సంగతియు ఇందులోనే వచ్చును. కుప్పము, పుంగనూరు చేలలోని రాగిలో ఇనుమున్నది, కాని దానిని ఒడలికి పట్టనీయని పదార్థములును అందే యున్నవి. విటమిను ‘సి’ తోడైన ఇనుము బాగుగా పట్టును. టొమాటోలో ఆ విటమిను కలదు. ధర పడిపోయిన నాడు మదనపల్లె రోడ్ల ప్రక్కన టొమాటోలను గంపలకొలది పారబోయుట మన కన్నుల యెదుటి దృశ్యము. ఆ రోడ్డు ప్రక్క బడిలో ఎనిమిది గ్రాముల పిల్ల సంగటి తినుచున్నది. శ్రీలంక తేయాకు తోటలలో 1970 దశకమున రక్తహీనులైన కూలిస్త్రీలకు ఇనుమిచ్చి చూడగా, వారు కోయు ఆకు పెరిగినదని పరిశోధకులు తేల్చిరి. కనుక ఇది పతకముల మాట మాత్రమే కాదు. పెట్టెలు మోయు తల్లి కూలిమాటయు ఇందున్నది.

కుప్పములో 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయమునకు ఇందు ఒక పని కలదు. మూడు రాష్ట్రముల సరిహద్దున, నాలుగు భాషల సంగమమున నున్న ఆ సంస్థ ఈ శ్రమశాస్త్రమును వ్యాయామోపాధ్యాయునికి తెలియు తెలుగులో చిన్న పుస్తకముగా వ్రాయింపవలెను. మదనపల్లెలో 1915 నుండి విద్యాదానము చేయుచున్న బీసెంటు కళాశాల, 1919లో రవీంద్రుడు బసచేసి జనగణమనకు ఇంగ్లీషు రూపము వ్రాసిన ఆ కళాశాల, తన మైదానమున మొదటి గీత గీయుట న్యాయము. ప్రభుత్వము నడుగవలసినది ఒక్కటే: నెత్తురు, ఎత్తుబరువులు, పరుగు, ఈ మూడును ఒకే పుస్తకమున, ప్రతి పిల్ల పేరిట, ఏటికి రెండుమారులు వ్రాయవలెనని ఉత్తరువు. ఆ పిల్ల అంకె తల్లిదండ్రులకు తెలుపవలెను, ఊరిలో చాటరాదు.

ఉత్తరువు వచ్చువఱకు కూర్చుండ నక్కఱలేదు. ఈ మూడు పట్టణముల చుట్టుపట్ల ఏ ప్రధానోపాధ్యాయుడైనను తన బడిమైదానము నిచ్చుటకు సమ్మతించినచో, ఆదివారపు ఉదయములందు వచ్చి గీతలు గీయుటకును, గడియారము పట్టుటకును, లెక్కలు వ్రాయుటకును ఈ వ్యాసకర్తయు, మఱి నలుగురు స్వచ్ఛందసేవకులును సిద్ధముగా నున్నారు. ఆ నలుగురిలో కోర్టు ఆవరణమున నవ్విన మిత్రుడొకరు.